శబ్దం రాని పాఠం

మొన్న ఆదివారం, ఇక్కడ బహ్రెయిన్‌లో వారం మొదలయ్యేది ఆ రోజే, బడి తెరవగానే వరండాలో పాత సామాను గుట్టగా పోసి కనిపించింది. తరగతులన్నింటిలోనూ వేలితో తాకితే గీతలు పడే కొత్త బోర్డులు బిగించారు కదా, ఇక పాతవాటితో పనేముంది! విరిగిన కుర్చీలూ చిక్కుపడ్డ వైర్లూ దాటుకుని వెళ్ళబోతూ, ఆ గుట్ట అంచున మా పాత ప్రొజెక్టరు కనబడి ఆగిపోయాను. ఒకప్పుడు తెల్లగా ఉండే దాని పై డొప్ప పసుపు తిరిగిపోయింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కూడా ఆలోచించకుండా కొంగుతో దానిమీది దుమ్ము తుడిచాను.

పెళ్ళయి కాకినాడ నుంచి బహ్రెయిన్ వచ్చిన కొత్తలోనే ఈ బడిలో లెక్కల టీచరుగా చేరాను. మా ఆయన ఉద్యోగం అవాలిలో, మా ఇల్లు ముహర్రక్‌లో, విమానాశ్రయానికి ఎంత దగ్గరంటే విమానం దిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవి. ఇంటర్నెట్టులో లెక్కల పాఠాలు బొమ్మలతో సహా ఉచితంగా దొరుకుతున్నాయని తెలిసి, సాయంత్రం వంట పొయ్యిమీద పెట్టి కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. ఆకాశంలోంచి విమానాలు ఒకటి తర్వాత ఒకటి దిగిపోయేవి గానీ, మా కంప్యూటర్లోకి ఒక్క పాఠం దిగేది కాదు. మీలో ఆ రోజులు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది, అన్నం మాడిపోయేది. తీరా దిగిన పాఠాల్లో కొన్నింటిలో అడుగులూ అంగుళాలూ తప్ప మీటరు మాటే ఉండేది కాదు, కొన్నింటిలో చెప్పేవాళ్ళ యాస పిల్లల మాట అటుంచి నాకే అర్థమయ్యేది కాదు. అయినా ఎక్కడో ముఖం తెలియని టీచరెవరో, పైసా అడగకుండా, ఎవరి పిల్లల కోసమో ఇంత కష్టపడి త్రికోణాలు కదిలేలా చేసి పెట్టారే అనుకుంటే మనసు నిండిపోయేది.

ఒక ఏడాది మధ్యలో తొమ్మిదో తరగతి లెక్కలు నాకప్పగించారు. అంతకుముందు చెప్పిన టీచరు ప్రసవానికి ఇండియా వెళ్తూ, చివరి వరసలో కూర్చునే ఒక అమ్మాయి గురించి ప్రత్యేకంగా చెప్పి వెళ్ళింది. పిలిస్తే పలకదనీ, అడిగినదానికి ఇంకేదో చెబుతుందనీ, ఆ పిల్లమీద శ్రమ పడటం వృథా అనీ. పిల్ల తండ్రిది జగిత్యాల వైపు, హిద్‌లో ఓడలు మరమ్మతు చేసే చోట ఫోర్‌మన్. కూలివాడిగా వచ్చి, ఏళ్ళ తరబడి కూలీల క్యాంపులో ఉండి, పై పనికి ఎదిగాకే భార్యనూ కూతురినీ తెచ్చుకోగలిగాడు. ఏడాది చివర బడి మాన్పించమని ప్రిన్సిపాల్ గారు అప్పటికే కబురు చేశారట. మాన్పిస్తే పిల్ల చదువు కోసం తల్లీ కూతురూ ఊరికి వెళ్ళిపోవాలి, ఆయన తిరిగి ఒంటరివాడవ్వాలి. ఇంత కాలానికి కూడిన ఆ ఇల్లు ఒక పిల్ల మార్కుల మీద విడిపోబోతోంది.

ఆ తరగతి నా చేతికొచ్చిన కొద్ది రోజులకే బహుభుజుల పాఠం వచ్చింది. బహుభుజి భుజాలను ఒక వైపుకే పొడిగిస్తే మూలమూలనా ఏర్పడే బయటి కోణాలు, భుజాలెన్ని ఉన్నా, కలిపితే ఎప్పుడూ ఒక పూర్తి చుట్టే అవుతాయి. బోర్డుమీద ఎంత గీసినా పిల్లల కళ్ళలో ఆ మెరుపు రాదు. దానికి మంచి వీడియో ఒకటి దొరికింది. కంప్యూటరు ల్యాబులోంచి ఈ ప్రొజెక్టరును బతిమాలి తెచ్చుకుని, మా ఆయన ల్యాప్‌టాప్‌కు తగిలించి, కిటికీలకు చార్టు కాగితాలు అంటించి, గది కాస్త చీకటి చేశాను. బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు. స్పీకర్ల వైరు ఇంట్లో బల్లమీదే ఉండిపోయింది.

పిల్లలందరూ ఒక్కసారి గోలెత్తారు. సౌండు లేదు టీచర్, ఏం చెబుతున్నారో తెలియట్లేదు టీచర్ అని. నేను వైర్లు కదుపుతూ తల ఎత్తేసరికి, చివరి వరసలో ఆ అమ్మాయి ఒక్కతే గోల చెయ్యకుండా, మెడ చాచి, కళ్ళు విప్పార్చి తెరకేసి చూస్తోంది. తెరమీద ఐదు భుజాల బొమ్మ చిన్నదవుతూ చిన్నదవుతూ చుక్కలా ముడుచుకుపోయి, బయటి కోణాలన్నీ ఆ చుక్క చుట్టూ చేరి ఒక వృత్తమైపోయాయి. ఆ క్షణాన ఆ పిల్ల చెయ్యెత్తింది. ఈ తరగతిలో ఆ చెయ్యి లేవడం తోటిపిల్లలు కూడా అంతకుముందు చూడలేదేమో, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ముందుకు రమ్మని సైగ చేశాను. వచ్చి, ఇంగ్లీషులో చెప్పబోయి, మాట దొరక్క నిలబడింది. తర్వాత నా బల్ల పక్కన నిలబడి దాని చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మూల వచ్చినప్పుడల్లా ఆగి, తను ఎంత తిరిగిందో చేత్తో చూపించి, మళ్ళీ నడిచి, బయల్దేరిన చోటికి వచ్చి, మొదట ఎటు చూస్తూ నిలబడిందో అటే చూస్తూ నిలబడింది.

“ఒక్క చుట్టు, మేడం. ఎన్ని మూలలున్నా ఒక్క చుట్టే తిరుగుతం,” అంది నవ్వుతూ.

అంత అందంగా ఆ సిద్ధాంతాన్ని నాకెవరూ చెప్పలేదు. కానీ సంతోషం వెంటే ఒక అనుమానం కూడా పుట్టింది. అందరికీ శబ్దం పోయిన రోజునే ఈ పిల్లకు పాఠం ఎలా అందింది? గంట కొట్టాక, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇటు తిరిగి, పెదవులు కనబడేలా అదే గొంతుతో పిలిస్తే వెంటనే లేచి నిలబడింది.

ఆ వారంలోనే తండ్రిని పిలిపించాను. డ్యూటీ దుస్తుల్లోనే, హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చాడు. ఇక పంపేస్తున్నామని చెప్పడానికే పిలిచాననుకున్నాడు పాపం, కూర్చోమన్నా కూర్చోలేదు.

“టికెట్లు చూస్తున్న మేడం. పరీక్షలు కాంగనే పంపుత,” అన్నాడు.

“అందుకు కాదండీ. మీ అమ్మాయికి సరిగా వినపడటం లేదనిపిస్తోంది. చెవులు ఒకసారి డాక్టరుకు చూపించండి.”

ఆయన అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

“అంటే నా బిడ్డకు తెలివి లేక కాదా మేడం? ఇనరాకనా?” అన్నాడు. “పిలిస్తె పలుకదని ఎన్ని మాటలన్న దాన్ని...”

పిల్లకు చిన్నప్పుడు జ్వరంతో చెవుల్లో చీము కారిందని తల్లి తర్వాత చెప్పింది. పెరిగేకొద్దీ పెదవులు చూసి మాట పట్టుకోవడం ఆ పిల్ల తనంతట తానే నేర్చుకుందట. డాక్టర్లు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టారు. ప్రిన్సిపాల్ గారు మంచి మనిషి, విషయం విని తానే ఆ పిల్లను మొదటి వరసలో కూర్చోబెట్టి వెళ్ళారు. నేను మాటలు లేకుండా బొమ్మలే కదిలే పాఠాల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆ పాఠాలతో మిగతా పిల్లలు కూడా తేలిగ్గా నేర్చుకోవడం చూసి సైన్సు చెప్పే మలయాళీ టీచరు కూడా నా దగ్గర అడిగి పట్టుకెళ్ళేది. టికెట్లు కొనలేదు. ఆ అమ్మాయి ఇక్కడే పదో తరగతి గట్టెక్కింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తోందని వాళ్ళమ్మ ఈమధ్య ఫోన్లో చెప్పింది.

ఇప్పుడు వెయ్యి రకాల పాఠాలు, వెతికేలోపే దిగిపోతాయి, తెలుగులో సైతం ఉన్నాయి. మాటలన్నీ తెర కింద అక్షరాలై నడుస్తాయి, వినపడని పిల్ల, టీచరు ఏ వైరో మర్చిపోయే రోజు కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇంతకంటే మేలు ఏముంటుంది! అయినా ప్రతి ఏటా కొత్త తరగతితో మొదటి పాఠానికి నేను శబ్దం ఆపేసి, అలాంటి పిల్ల ఇంకెవరైనా ఉందేమోనని తెరను వదిలి పిల్లల ముఖాలు చూస్తూ నిలబడతాను. పిల్లలు గోల చెయ్యరు. కింద అక్షరాలు పెట్టండి టీచర్ అంటారు మర్యాదగా, పెడతాను, అందరి కళ్ళూ ఒకేసారి ఆ అక్షరాల వరసమీదికి వాలిపోతాయి. పాఠం బాగానే సాగుతుంది. ఎవరికి ఏం అందటం లేదో ఆ వంచిన ముఖాల్లో వెతుక్కోవడం మాత్రం నాకు ఏటికేడు కష్టమవుతోంది.