ఫేస్‌బుక్ సైంటిస్టమ్మ

గుగులోతు ఉమ తెల్లకోటు వేసుకుని, మైక్రోస్కోపు మీదికి వంగి దిగిన ఫొటోకు కాలేజీలో చాలా లైకులు వచ్చాయి. నిజానికి అప్పుడు ల్యాబులో కరెంటు లేదు. అందులో ఆమెకు కనిపించిందీ ఏమీ లేదు. ఆ ఫొటో తీసింది హాస్టల్ గదిలో తోడుండే హర్షిణి.

"పేరు కింద అగ్రికల్చర్ సైంటిస్ట్ అని పెట్టు. రేపు అయ్యేదానివే గదనే! కంపెనీలోళ్ళు ఇప్పుడు ఫేస్‌బుక్ గూడ చూస్తున్రట" అంది హర్షిణి.

హర్షిణిది జనగామ దగ్గర భూములున్న ఇల్లు. ఇలాంటి కబుర్లు ఆమెకు ముందే తెలిసేవి. ఉమది నర్సింహులపేట దగ్గరి తండా. అక్కడినుంచి బీఎస్సీ అగ్రికల్చర్ దాకా వచ్చిన ఆడపిల్ల అంతకుముందు లేదు. తన పేరు కింద ఆ మాట చూసుకుంటే ఉమకూ ముచ్చటేసింది.

2011లో ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. కాలేజీ మూతపడితే ఉమ ఇంటికి చేరింది. బస్సులు లేవు, బొగ్గు గనులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. పత్తి పూత మీద ఉంది. వ్యవసాయ శాఖ వాళ్ళూ సమ్మెలో ఉండడంతో రైతులకు ఏదైనా అడుగుదామంటే మనిషి లేడు. ఉమ ఫేస్‌బుక్‌లో పత్తి గురించి రాయడం మొదలుపెట్టింది.

మొదట పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో రాసింది. ఊళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో రాస్తే చవక ఫోన్లలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. అందుకని అన్న కూతురి పలక తీసుకుని, "చేన్ల నీళ్ళు నిలవనియ్యకుండ్రి" అని మాట్లాడినట్టే సుద్దతో రాసి, ఫొటో తీసి పెట్టింది. తోటి విద్యార్థి ఒకడు 'సినిమాలో కమెడియన్ తెలుగులా ఉందే' అని కామెంట్ పెట్టాడు. ఉమ మనసు చివుక్కుమంది. కానీ దాని కిందనే ఇంకెవరో 'మంచిగ అర్థమైంది మేడం' అని రాశారు. ఆ తర్వాత ఆమె అలాగే రాసింది.

అలా మేడం అన్నవాడి పేరు సంజీవ. భూపాలపల్లి బొగ్గు గనిలో పని. సమ్మె కావడంతో చిల్పూర్ దగ్గరున్న సొంతూరికి వచ్చి, తండ్రి పోశాలుతో కలిసి చేను చూసుకుంటున్నాడు. ఒకరోజు ఎర్రబారిన పత్తి ఆకు ఫొటో పంపి, ఏ మందు కొట్టాలని అడిగాడు. మెగ్నీషియం తక్కువైతే ఆకు ఎర్రబడుతుందని ఉమ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. ఇంకో ప్రశ్న వేయకుండా మెగ్నీషియం సల్ఫేట్ కొట్టమని చెప్పేసింది. సంజీవ దండాలు పెడుతూ జవాబిస్తే ఆ రోజంతా సంబరంగా తిరిగింది.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫొటో వచ్చింది. ఆకులు అంచుల దగ్గర మాడి కిందికి ముడుచుకుపోయాయి. 'మందు కొట్టినం మేడం. ఇంకింత ఎక్కువైంది. మా మాట విని పక్క చేన్లోళ్ళు గూడ కొట్టిన్రు.'

ఉమ ఆ ఫొటో ఇంట్లో చూపించింది. సంగతి విని తల్లి మోతీబాయి తమ లంబాడీ భాషలో ఒకటే అంది: ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది, పోయి చూడు.

అన్న సుభాష్ బండి మీద బయలుదేరారు. పాలకుర్తి దాటాక ఒకచోట సమ్మెవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. "బండి ఆపుండ్రి, తిన్నంక పోదురు" అని పట్టుబట్టి విస్తరి వేశారు. ఉమ రెండు ముద్దలు తిని లేచింది.

చేలో దిగి ఒక ఆకు తిప్పి చూసింది. ఆకుపచ్చ పురుగులు, బియ్యపు నూకకన్నా చిన్నవి, పక్కకు పక్కకు పరుగెత్తాయి. పచ్చదోమ! ఆకు అడుగున చేరి రసం పీలుస్తోంది. మొదటి రోజే ఆకు వెనకవైపు ఫొటో అడిగి ఉంటే తెలిసిపోయేది.

పోశాలు ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని చూశాడు.

"గీ పొల్లనా? ఆఫీసరమ్మ అన్నవు గదరా!"

"ఫోన్ల సైంటిస్ట్ అని ఉండె నాయినా" అన్నాడు సంజీవ.

"నేనింక సదువుకుంటున్న బాపూ. ఆకు కింద సూడకనే చెప్పిన. తప్పు నాదే" అంది ఉమ.

పోశాలు తిట్టలేదు. "గా ముక్క ముందే రాస్తే ఇంకొకల్లను గూడ అడుగుదుము గద బిడ్డా" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మందు కొట్టిన ప్రతి చేనుకూ సంజీవను వెంటబెట్టుకుని వెళ్ళి, ఇప్పుడేం చేయాలో చెప్పింది. ఒకాయన గట్టు మీద నిలబెట్టి అరిచాడు. తలవంచుకుని విన్నది. ఇంటికి రాగానే పలక మీద రాసి పెట్టింది: 'నేను సైంటిస్టును కాదు, సదువుకునేదాన్ని. చిల్పూర్ చేన్లకు నేను చెప్పింది తప్పు.' దాని కింద పచ్చదోమను ఎలా గుర్తుపట్టాలో వివరంగా రాసింది.

హర్షిణి వెంటనే ఫోన్ చేసింది. "పిచ్చి లేసిందానే? జల్ది తీసెయ్. కంపెనీలోళ్ళు చూస్తరు."

"చూడనియ్. రైతులు గూడ చూస్తున్రు గద."

మరుసటి ఏడు ఒక విత్తనాల కంపెనీ ఇంటర్వ్యూలో ఆ పలక గురించే అడిగారు. ఉమ జరిగింది చెప్పింది. ఉద్యోగం హర్షిణికి వచ్చింది, ఉమకు రాలేదు. కారణం అదేనో కాదో ఎవరూ చెప్పలేదు. హాస్టల్ గదిలో ఉమ ఏడుస్తుంటే, హర్షిణి తన సంతోషం ఎవరికీ ఫోన్ చేసి చెప్పుకోకుండా పక్కనే కూర్చుంది.

పోశాలు చేను సమ్మె జరిగిన ఏడు సగం కోలుకుంది. మిగతా సగం పోయినట్టే.

రాష్ట్రం వచ్చిన ఏడాదికి ఉమ రైతులతో పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉంది. భూపాలపల్లి వైపు ఒక ఊరి సమావేశంలో ఒక అవ్వ తన మిర్చి తోట గురించి అడిగింది. ఉమకు జవాబు తోచలేదు. అందరి ముందూ సిగ్గుపడుతూనే, "నాకు తెల్వదు అవ్వా. రేపు కనుక్కొని వచ్చి చెప్త" అంది.

"గట్లనే రా బిడ్డా. రేపంటే రేపే రావాలె మరి" అంది అవ్వ.

మరునాడు పొద్దున్నే ఉమ ఆ తోటకు వెళ్ళింది.