సింహాచలమ్మ కొట్టు మీద లూటీ

మన ద్వీపంలోని డిగ్నాబాద్ పేటలో కూరగాయల కొట్టు నడిపే సింహాచలమ్మ గొంతెత్తిందంటే, హార్బర్ దాటిన ఓడలు తమనే పిలిచిందనుకుని వెనక్కి తిరుగుతాయి. నమ్మనివాళ్లు ఓడల్నే అడగండి. బేరంలో ఆవిణ్ణి గెలిచే మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా, వాడు మిడిల్ పాయింట్ బజారుకి పోయి కొనుక్కుంటాడు.

ఆ వారం సముద్రం పోటెత్తి చెన్నై నుంచి సరుకు తెచ్చే ఓడ రాలేదు. ఉల్లిపాయ కనబడితే జనం దండం పెట్టేలా ఉన్నారు. షావుకార్లు సరుకు దాచేస్తున్నారని పుకారు లేచింది. ఎక్కడో గోదాం తలుపులు విరగ్గొట్టారట కూడా. సరిగ్గా అప్పుడే సింహాచలమ్మ, డైరీ ఫార్మ్‌లో ఉండే కమలాకుమారి టీచరుతో ఫోన్లో అంది: "మీ అమ్మాయి పూజ పెళ్లికి బస్తా ఉల్లి దాచానమ్మా, బెంగెట్టుకోకు."

మన తెలుగులో దాచడమంటే తీసి పక్కన పెట్టడం. అక్కడే అరటిపళ్లు ఏరుతున్న ఆటో మణికుమార్ మాట్లాడేది తెలుగు, ఆలోచించేది హిందీ. "దీదీ నే ప్యాజ్ ఛుపాయా" అని వీధంతా మోసేశాడు. అంటే అక్క ఉల్లిని దాచేసిందని, ఏదో దొంగసరుకులా. సాయంత్రానికి ఒక్క బస్తా వంద బస్తాలైంది, కొట్టు కింద సొరంగం కూడా తయారైంది. జనం కర్రలతో వచ్చిపడ్డారు.

ఆ కొట్టు పోతే సింహాచలమ్మకి ఇంకో ఆధారం లేదు. అయినా తనే షటర్ ఎత్తింది.

"లూటీకొచ్చారేటి? రండి. లైన్లో రండి."

ఓడ టికెట్ల కోసం నిలబడీ నిలబడీ లైను మన ద్వీపాలవాళ్ల రక్తంలో ఇంకిపోయింది. ఆ మాట చెవిన పడగానే కర్రలతో సహా వరస కట్టేశారు. "మధ్యలో దూరకు భయ్యా" అని వెనక తగువు కూడా మొదలైంది.

అందరికంటే ముందు మణికుమార్. "ఉల్లి ఎక్కడ దీదీ?"

"అదిగో, ఆ ఒక్క బస్తా. రేపు పూజ పెళ్లికి. నిన్ను పిలవలేదేటి?"

"పిలిచారు."

"వెనకున్నోళ్లని?"

లైను పొడుగునా తలలూగాయి.

"అయితే ఆ ఉల్లి మీదే కదా. ఇప్పుడు పచ్చివి పట్టుకుపోతారో, రేపు పలావులో తింటారో తేల్చుకోండి."

ప్రశ్న లైను చివరిదాకా నడిచెళ్లి, ఇంకో ప్రశ్నతో తిరిగొచ్చింది. "రైతా ఉంటుందా?"

"ఉంటాది. తరిగే చేతులేవి మరి?"

కొట్టులో టమాటా ఒక్కటి కూడా కదల్లేదు. లూటీకొచ్చిన మూక బస్తాని భుజాన వేసుకుని పెళ్లింటికి ఊరేగింది. అల్లర్లని విని జీపులో దిగిన ఎస్సైకి పందిట్లో కర్రలు ఓ మూల, మనుషులంతా కళ్లనీళ్లు కారుస్తూ ఓ మూల కనిపించారు.

"టియర్ గ్యాస్ ఎవరొదిలారు?" అన్నాడు.

సింహాచలమ్మ కత్తిపీట ఆయన వైపు జరిపింది.