నీళ్లు తాగేవాళ్ల సంతకం

ట్యాంకు కడిగిన రోజు బ్లీచింగ్ పౌడర్ వాసన మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. ఈ ఉదయం పై అంతస్తు ఆవిడ ఆ వాసనకు ముక్కు మూసుకుంది. నాకు నర్సింహ గారు గుర్తొచ్చారు.

నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, చైతన్యపురి హాస్టళ్లలో మోటార్లు, పైపులు బాగుచేసేవారాయన. తెనాలి నుంచి వచ్చిన నేను ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను. తర్వాత సొంతంగా ఎదగాలన్న తొందర పుట్టింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఎల్‌బీ నగర్‌లో కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంట్ నిర్వహణ హక్కులను బిల్డర్ అయిదేళ్లకు అమ్ముతానన్నాడు. వాచ్‌మన్, లిఫ్టు, నీళ్లు నేను చూసుకోవాలి, నెలనెలా మెయింటెనెన్స్ నేనే వసూలు చేసుకోవాలి. బడంగ్‌పేట్‌లో మా ఆవిడ పేరున ఉన్న ప్లాటు, ఆమె వద్దంటున్నా అమ్మించాను.

ఒప్పందం చూడమని ఆ అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్తే నర్సింహ గారు కాగితం ముట్టుకోలేదు. నేలలోని నీళ్ల సంపు మూత తీసి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి టార్చి వేశారు. అడుగున ఇసుక, సిమెంటు మేట వేసి ఉన్నాయి.

"గీ నీళ్లు తాగేటోళ్లను అడిగినవా?"

ఇంకా సగం ఇళ్లలో పాలే పొంగించలేదు, ఎవర్ని అడగాలన్నాను.

"అయితే ఆగు తమ్మీ. బిల్డర్ అమ్మేది ఉత్త కాయితమే."

ఆయన చాదస్తం అనుకుని సంతకం పెట్టేశాను. ఆ సంపు కడిగించడం కూడా రేపు మాపు అంటూ వాయిదా వేశాను.

నాలుగు నెలల్లో ఇళ్లు నిండాయి. కుళాయిల్లో ఇసుక రావడంతో సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. మా ఇళ్ల పెత్తనం అమ్మడానికి బిల్డరెవరని కోస్తావాళ్లు, ఇక్కడి పని ఇక్కడివాళ్లకు ఎందుకివ్వలేదని తెలంగాణవాళ్లు అడిగారు. రోడ్డు మీద దేనికీ కలవని రెండు పక్షాలు నన్ను సాగనంపడంలో మాత్రం చక్కగా కలిశాయి. ఆదివారం తేల్చేస్తామన్నారు. బిల్డర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంట్లో ముఖం ఎలా చూపించాలో తెలియక నర్సింహ గారి దగ్గరికి వెళ్లాను.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. మీరు చెప్తే మీవాళ్లు వింటారు," అన్నాను.

"నా యాస జూసి నిన్ను ఉంచుకోవాల్నా? రేపు పొద్దుగాల సంపుల దిగు. నేనొస్త."

మర్నాడు బంద్. బస్సుల్లేవు, పనివాళ్లు రాలేదు. ఆయన దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. నేను దిగి మధ్యాహ్నం దాకా బురద ఎత్తాను. ఆఫీసులు లేవు కాబట్టి అందరూ ఇళ్లలోనే ఉన్నారు, ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్లారు. సంపు కడిగి, మళ్లీ నింపాక నర్సింహ గారు మొదటి గ్లాసు నాచేతే తాగించారు.

ఆదివారం ఒప్పందం కాగితం అందరి ముందూ పెట్టి, ఇది మీరు ఒప్పుకున్నది కాదని నేనే చెప్పాను. ఒక ఏడాది ఉంచుకుని చూడమని అడిగాను. సరేనంటూ ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. నర్సింహ గారు గేటు బయటే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. నేనింకా ఇక్కడే ఉన్నాను. ఏటా ట్యాంకు కడిగించి, మొదటి గ్లాసు తాగి, సాయంత్రం సెల్లార్‌లో అందరి ముందూ నిలబడి ఇంకో ఏడాది ఉంచుకోమని అడుగుతాను. చేతులు లేచేదాకా కాళ్లు వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకు పోకూడదనే, ఏడాదికి మించి ఎవరితోనూ ఒప్పందం రాసుకోను.