అద్దం అంచున పెట్టిన కార్డు

అక్షరాలు రాక ఇన్నాళ్లు ఇది రాయలేదంటే అది సగమే నిజం. రెండేళ్ల క్రితం తమ్ముడి బిడ్డ నన్ను కూర్చోబెట్టి నేర్పింది. కూడబలుక్కుని చదవడం రాగానే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె అడుగు నుంచి తమ్ముడి గుర్తింపు కార్డు తీసి చదివాను. ముందువైపు వాడి పేరు, దాని కింద విలేకరి అని ఉంది. వెనకవైపు సన్న అక్షరాల్లో, పనిమీద ఉన్నంతసేపు ఈ కార్డు దగ్గర ఉంచుకోవాలని ఉంది. ఆ తర్వాత చాలా రోజులు పెన్ను ముట్టలేదు.

శామీర్‌పేటలో నేనూ, తమ్ముడూ, మరదలూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. తమ్ముడు పేపరుకు మా చుట్టుపక్కల వార్తలు రాసేవాడు. ఎక్కడో అడవి వైపు కాల్పులు మొదలైతే, వెళ్లే మనిషి దొరక్క వాణ్ని పంపారు. మరదలు అప్పుడు నెల బిడ్డతో అలియాబాద్‌లో తల్లిగారింట్లో ఉంది. వాడు బయల్దేరే ముందురోజు వాడి చొక్కా ఉతకబోతూ జేబులు ఖాళీ చేస్తే కార్డు చేతికి వచ్చింది. దాని మీద వాడి ఫొటో ఉంది. పెళ్లి ఫొటోలో కూడా వాడు అంత చక్కగా పడలేదు. కొంగుతో తుడిచి, అద్దం అంచున గుచ్చాను.

తెల్లారి బస్సులోంచి ఫోన్ చేశాడు.

"అక్కా, నా కార్డు ఏడ వెట్టినవే?"

"అద్దానికి వెట్టిన. ఎంత మంచిగ వడ్డవురా, హీరో లెక్క."

నవ్వాడు. "హీరోను ఇంట్ల ఉంచుకొని జోకర్‌ను తోలినవా? సరే తియ్. ఇగ వాపస్ వస్తే గీ బస్సు దొరకది."

నాలుగో రోజు వాడి శవాన్ని తెచ్చారు. రెండు పక్కల తుపాకుల నడుమ పడ్డాడట. జేబులో ఏమీ లేక, ఎవరో తెలియక రెండు రోజులు అక్కడే ఉంచారట. ఆ సాయంత్రమే కార్డు తీసి పెట్టెలో బట్టల కింద దాచాను.

మరదలు తనను తానే తిట్టుకుంది. "బిడ్డ బాప్తిస్మం ఐతారం ఉంది, జల్దీ పోయి జల్దీ రా అని నేనే సతాయించిన వదినె. గా తొందర్ల కార్డు మర్సిపోయిండు." ఏటా సమాధుల పండుగకు కొవ్వొత్తి వెలిగించి అదే మాట అనేది. పక్కన బంతిపూలు పరుస్తూ నేను తల వంచుకునేదాన్ని. అలా పంతొమ్మిదేళ్లు.

మొన్న మేడ్చల్‌లో ఒక సినిమా వచ్చింది. యుద్ధం గురించి రాయడానికి పోయి చచ్చిపోయిన విలేకరుల కథ. "మా డాడీ పని ఎట్లుంటదో సూడాలె" అని బిడ్డ మా ఇద్దరినీ తీసుకెళ్లింది.

"గీళ్లకు తిండి యాది రాదా వదినె? తిరుగుడే తిరుగుడు" అని మరదలు మొదట్లో గొణిగింది. కాసేపటికి ఒక విలేకరి గోడచాటు నుంచి చేతులెత్తి బయటికి వచ్చాడు. తుపాకివాళ్లకు కనిపించేలా ఒక చేతిలో కార్డు. అయినా కాల్చారు. కార్డు మట్టిలో పడింది, ఫొటో పైకి ఉంది.

మరదలు నా చేయి గట్టిగా పట్టుకుంది. "సూసినవా వదినె, కార్డు సూపెట్టినా సంపిన్రు."

ఆమె గొంతు కొంచెం తేలికపడింది. నాకు ఏడుపు ఆగలేదు. కార్డు ఉన్నా వాడు బతికేవాడు కాదేమో. కానీ ఆమె ఇన్నేళ్లు మోసిన తప్పు నాది. ఆమెకు ఆ కాస్త ఊరట ఎవరో తీసిన సినిమా ఇచ్చింది, ఒకే కప్పు కింద ఉండి నేను ఇవ్వలేదు. చివర చనిపోయినవాళ్ల పేర్లు వచ్చాయి. నేను ఒకటి చదివేలోపు మూడు పైకి వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున నోట్‌బుక్ కాగితం చించి రాశాను. 'వాడు కార్డు మరువలేదు. చొక్కా ఉతికేటప్పుడు నేను తీసిన. ఫోన్ చేసి అడిగిండు. నీ తప్పు లేదు.' అందులో కార్డు పెట్టి మడిచి, మరదలు పనికి పోయే కంపెనీ బస్సు కోసం నిలబడే చోటికి వెళ్లి ఇచ్చాను. ఆమె చదువుతుండగానే బస్సు వచ్చింది. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

"ఫోన్ల ఏమన్నడు?" అంది, కార్డు మీద నుంచి కళ్లు ఎత్తకుండా.

రోడ్డు పక్కన ఆమెను కూర్చోబెట్టి, వాడు అన్నది అన్నట్టే చెప్పాను. జోకర్ మాట కూడా.