నర్సమ్మగారు ఎంచుకున్న పుస్తకం

మా ఎదురింటి నర్సమ్మగారు పోయారు. కిందటి మంగళవారం నేను కాలేజీలో ల్యాబు పరీక్ష చేయిస్తూ ఉండగా మా అత్తగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, తొందరగా వచ్చెయ్యి. నర్సమ్మగారు లేరు" అన్నారు. పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోసి, స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, కాసేపు మంచం మీద వాలారట. పనమ్మాయి వచ్చి లేపితే లేవలేదు. పరీక్ష మధ్యలో వదిలి రాలేక ఇంకో గంట పిల్లల వెనక తిరుగుతూనే ఉన్నాను. ఒకమ్మాయి "మేడమ్, ఎర్రర్ వస్తోందండి" అంటే ఆ తెర వంక చూశాను గాని, ఏం రాసుందో నా కళ్ళకు ఆనలేదు.

ఆవిడ అసలు పేరు మలికిపురంలో చాలామందికి తెలియదు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరందరికీ నర్సమ్మగారే, నాకూ అంతే. ఆసుపత్రిలో ఆవిడ చేసిన సేవ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు చెబుతారు. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేదాన్ని. అరవై రెండో ఏట ఆవిడ ఒక ప్రోగ్రామింగ్ పుస్తకం ఎలా ఎంచుకున్నారో, ఆ పుస్తకం నన్ను ఎలా కాపాడిందో, అది మాత్రం నేనే చెప్పాలి.

ఆవిడ దగ్గర పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఏ ఊళ్ళో ఎవరిది ఏ గ్రూపు రక్తమో, అవసరానికి ఎవరు ఇస్తారో, ఫోన్ నంబర్లతో సహా ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అందులో రాసుకునేవారు. రాజోలు, అమలాపురం, కొత్తపేట, ఎక్కడ ఎవరికి రక్తం కావలసివచ్చినా ఆవిడకు ఫోన్ వచ్చేది. ఒక నోటుబుక్కు కాస్తా మూడైంది. నంబర్లు మారిపోయి కొట్టివేతలు పెరిగాయి. ఫోన్ అవతల మనిషి ఏడుస్తూ ఉంటే ఆవిడ పేజీలు తిప్పుకుంటూ వెతకాల్సి వచ్చేది. ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఇదంతా కంప్యూటర్లో పెట్టుకుని, గ్రూపు అడిగితే పేర్లు చెప్పేలా నేనే రాసుకోవాలంటే ఏ పుస్తకం చదవాలమ్మా?"

"నేను చేసిస్తానండి నర్సమ్మగారూ. ఒక్క ఆదివారం పని."

"ఆయ్, నువ్వు చేసిస్తావు. రేపు మీ ఆయనకి బదిలీ అయితేనో? అది పాడైనప్పుడల్లా ఎవరి గుమ్మం ఎక్కను? నేను నేర్చుకుంటాను. నువ్వు పుస్తకం చెప్పు, చాలు."

బీరువాలో చేతికందింది తీసి ఇచ్చాను. కంప్యూటర్లో జాబితాలు దాచే డేటాబేస్‌ల గురించి నేను క్లాసులో పాఠం చెప్పే లావుపాటి పుస్తకం. నిజం చెప్పాలంటే ఆవిడ చదువుతారని నేను అనుకోలేదు. వారంలో తిరిగి ఇచ్చేస్తారనుకున్నాను. నలభై రోజులు ఉంచుకున్నారు. న్యూస్ పేపరుతో అట్ట వేసి మరీ తెచ్చి ఇచ్చారు.

"పుస్తకం మంచిదేనమ్మా. డేటాబేస్ ఎందుకు పుట్టిందో, లోపల ఎలా ఉంటుందో అన్నీ చెప్పేరు. అయిదు అధ్యాయాలు నోట్సు రాసుకున్నాను కూడా. నేను రాసే ప్రోగ్రాము లోంచి నా జాబితాని ఎలా అందుకోవాలో మాత్రం కనపళ్ళేదు. నాకే తెలివి చాల్లేదేమో."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పుస్తకంలో అది లేదు. డేటాబేస్ సిద్ధాంతం చెప్పే పుస్తకాలు వేరు, ప్రోగ్రాము రాసి డేటాబేస్‌తో పని చేయించడం నేర్పే పుస్తకాలు వేరు. ఆ తేడా తెలిసి కూడా, బద్ధకం కొద్దీ చేతికందిందే ఇచ్చాను. ఆ మాటే ఒప్పుకున్నాను.

"పోన్లే. గుండె ఎలా కొట్టుకుంటుందో చదివేకే కదా మాకూ బీపీ చూడ్డం నేర్పేరు. ఊరికే పోలేదు" అన్నారు.

ఆ శనివారం ఇద్దరం బస్సెక్కి అమలాపురం వెళ్ళాం. పుస్తకాల కొట్లో ముందంతా పోటీ పరీక్షలవే. కంప్యూటర్ పుస్తకాలు వెనకవైపు కింది అరలో ఉన్నాయి. పైథాన్ భాషతో డేటాబేస్ నేర్పేవి కావాలంటే కొట్టాయన మూడు తీసి దులిపి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇటుకంత లావు, కొత్త ఎడిషన్. ఇంకొకటి పల్చటిది, వారంలో నేర్పేస్తానని అట్ట మీదే మాటిచ్చింది. మూడోది నడిమి సైజు, అట్ట రంగు వెలిసిపోయింది. నేను లావుపాటి దాని మీద చెయ్యి వేసి, కొత్తదే తీసుకోవడం మంచిదన్నాను.

ఆవిడ కొట్టాయన్ని స్టూలు అడిగి కూర్చున్నారు. నల్లతాడు కట్టిన కళ్ళజోడు పెట్టుకుని సంచిలోంచి ఒక కాగితం తీశారు. ఏ కాగితం మీదైనా ముందు తారీఖు వేయడం ఆవిడకు అలవాటు. ఆ తారీఖు కింద తనకు కావలసినవి రాసుకొచ్చారు. కొత్త పేరు చేర్చాలి. నంబరు మార్చాలి. ఈ మధ్య రక్తం ఇచ్చినవాళ్ళని వదిలేసి ఒక గ్రూపు వాళ్ళనే చూడాలి. ఒక పేరు తీసెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే ఏం చెయ్యాలి? సగం సెమిస్టర్ నేను చెప్పే పాఠమంతా ఆ అయిదారు లైన్లలో ఉంది.

ఒక్కొక్క పుస్తకం తెరిచి, ఆ కాగితం పక్కన పెట్టుకుని వెతికారు. పల్చటిది ముందు మూసేశారు. "ఇందులో అన్నీ సవ్యంగానే జరిగిపోతున్నాయమ్మా. తప్పొస్తే ఏం చెయ్యాలో ఒక్క పేజీ లేదు." లావుపాటి దాంట్లో అన్నీ ఉన్నాయి. "ఉన్నాయిగానీ మొదటి ఉదాహరణకి వెళ్ళేసరికే సగం పుస్తకం అయిపోతుంది. నాకు అంత ఓపిక లేదు." మూడోదాంట్లో మొదటి అధ్యాయంలోనే చిన్న ఉదాహరణ ఉంది. డేటాబేస్‌కి కనెక్షన్ ఎలా తెరవాలో చెప్పిన పేజీలోనే దాన్ని ఎలా మూయాలో, మూయకపోతే ఏమవుతుందో చెప్పారు. దేన్నైనా మార్చే ముందు కాపీ తీసుకోవడం గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది. ఆవిడ అక్కడే నిదానంగా నాలుగు పేజీలు చదివారు.

"అది పాత ఎడిషనండి" అన్నాను.

"కొత్తదాంట్లో కనెక్షన్ మూయక్కర్లేదా?"

"మూయాలండి."

"అయితే ఫర్వాలేదు. సెలైను పెట్టడం నేర్పినవాళ్ళు తియ్యడం కూడా ఆ పూటే నేర్పాలి. ఇది ఇచ్చెయ్యండి బాబూ."

అయిదు నెలలు పట్టింది. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చాను. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని కూర్చునేవారు. ఎర్రర్ వస్తే అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో ఎక్కించేవారు. "రోగి ఏమంటున్నాడో వినకుండా మందెలా ఇస్తాం" అనేవారు. ఆదివారాలు నేను వెళ్ళి పక్కన కూర్చుంటే కీబోర్డు తాకనిచ్చేవారు కాదు. "నువ్వు నోటితో చెప్పు. చేతులు నావే ఉండాలి." మొదటిసారి గ్రూపు అడగ్గానే మూడు పేర్లు వచ్చిననాడు, ఆ పేర్లు పైకి చదివి, ఆ ముగ్గురికీ ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. అవసరమేమిటో తెలియక వాళ్ళు కంగారు పడ్డారు.

తర్వాతి ఏడు ఒక మధ్యాహ్నం ఆవిడ కత్తిపీటకు వేలు తెగి కట్టుతో ఉన్నారు. వేరే ఊరు వెళ్ళిపోయిన ఒకాయన పేరు జాబితాలోంచి తీసెయ్యమని మొదటిసారి నాకు కీబోర్డు అప్పగించి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నేను తీసెయ్యమని రాశాను. ఎవరిని తీసెయ్యాలో రాయడం మరిచిపోయి ఎంటర్ నొక్కాను. జాబితా మొత్తం ఖాళీ అయిపోయింది. ఏటా పిల్లలను ఈ పొరపాటు గురించే హెచ్చరించేదాన్ని నేను.

ఆ ఖాళీ తెర వంక చూస్తూ ఉండగానే ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో ఒకాయన, భార్యకు అమలాపురంలో కాన్పు, ఓ నెగెటివ్ రక్తం కావాలి. ఆవిడ కాఫీ గిన్నె పట్టుకునే వచ్చారు. "ఉండండి బాబూ, నేను మళ్ళీ చెప్తాను, సరిగ్గా ఉందో లేదో వినండి" అని గ్రూపు, ఆసుపత్రి, ఆయన నంబరు తిరిగి చెప్పి, నా వైపు చూశారు.

"ఓ నెగెటివ్ చూడమ్మా."

"లేవండి నర్సమ్మగారూ. అన్నీ పోయాయి. నేనే తీసేశానండి."

ఆవిడ తెర వైపు చూశారు. నా మొహం వైపు చూశారు. గిన్నె కింద పెట్టారు.

"బాధ తర్వాత పడదాం. నిన్న సాయంత్రం తీసిన కాపీ ఉంది. లేచి నాకు చోటియ్యి."

ఆ పుస్తకం చెప్పినట్టే, రోజూ దీపాలు పెట్టే వేళ ఫైలు కాపీ తీసి, దానికి ఆ తారీఖే పేరు పెట్టి దాచేవారు. నాకు ఆ సంగతే తెలియదు. కట్టు కట్టిన వేలు పైకెత్తి పట్టుకుని మిగతా వేళ్ళతో కొట్టారు. నాలుగు పేర్లు వచ్చాయి. మొదటాయన కువైట్‌లో ఉన్నాడని వాళ్ళమ్మ చెప్పింది. రెండో నంబరు పలకలేదు. మూడో అబ్బాయి రావులపాలెం మార్కెట్లో ఉన్నాడు. "లారీకి అరటి గెలలెక్కిస్తున్నానండి. స్నానం చేసి వచ్చేస్తాను" అన్నాడు. నాలుగో ఆవిడ మా పక్క ఊరి టీచరు, బడి నుంచి అటే బయల్దేరింది.

పొద్దు వాలాక ఫోన్ వచ్చింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు. "ఆయ్, సంతోషం బాబూ. బిడ్డకి చెవులు కప్పండి" అని పెట్టేశారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కాఫీ మళ్ళీ వేడి చేసి తెచ్చి పక్కన కూర్చున్నారు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరి ఇంజెక్షను పక్క మంచం ఆయనకి ఇచ్చేసేనమ్మా. దేవుడి దయ, ఏమీ అవలేదు. ఆ పూటంతా ఆయన పక్కనే కూర్చున్నాను. మా పెద్ద సిస్టరుగారు నన్నొక్క మాట అన్లేదు. ఇవాళ్టి నుంచి పేరు పైకి చదివి సూది వెయ్యి, అన్నారు. అంతే. నువ్వూ తీసేసే ముందు పైకి చదువు." ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు మా ల్యాబులో పిల్లలు ఏదైనా తీసేసే ముందు పైకి చదువుతారు. పక్క గది లెక్చరర్లు ఆ గోలేమిటని అడుగుతూ ఉంటారు.

ఆవిడ పోయిన మంగళవారం సాయంత్రం, ఆ ల్యాప్‌టాప్ తెరిచి, జాబితాలో ఉన్న అందరికీ ఒక్క మెసేజ్ పెట్టాను. ఎవరైనా వస్తారని కాదు, తెలియాలి కదా అని. బుధవారం పదకొండు దాటాక మా వీధిలో మోటారు సైకిళ్ళు ఆగడం మొదలైంది. పందిట్లో బంధువులకు వాళ్ళెవరో తెలియలేదు. వాళ్ళు లోపలికి రాకుండా హెల్మెట్లు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డారు. ముందున్నాయన్ని పలకరించి, ఏ ఊరండి అన్నాను.

"కొత్తపేట అవతలండి. బి పాజిటివ్" అని, అలా చెప్పినందుకు తడబడ్డాడు. "నాకు మూడుసార్లు ఫోన్ చేసేరండి. ఎప్పుడూ చూళ్ళేదు. గొంతే తెలుసండి."

రండి అని తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి, ఆవిడను పడుకోబెట్టిన పెట్టె దగ్గరకు వెళ్ళి, వంగి, ఆవిడ మొహం చాలాసేపు చూశాడు.

"ఇలా ఉంటారా అండీ" అన్నాడు మెల్లగా.

గేటు దగ్గర మిగతావాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విప్పుతున్నారు.