లూర్దు మేడమ్ ఊఁ కొట్టేవారు

కింద ఐసు పగలగొట్టే మిషను గరగరమంటూ మొదలయ్యేసరికి నా నోరు టక్కున ఆగిపోయింది. నిజానికి నేను పైకి చదవడం లేదు, రాసిన కంప్యూటర్ కోడు చూసుకుంటూ పెదవులు కదుపుతున్నానంతే. గదిలో వినేవాళ్లు కూడా ఎవరూ లేరు. అయినా ఆ మోత తగ్గేదాకా చేతులు ముడుచుకుని కూర్చున్నాను. యానాంలో ఈ మేడమీది గదిలోనే నాకు పని నేర్పిన లూర్దు మేడమ్ పోయి ఏడాది దాటింది. ఆ మోతలో ఆవిడకు వినపడదని చదవడం ఆపే అలవాటు మాత్రం పోలేదు.

మీరు ఆవిడను చూడలేదు కాబట్టి చెబుతున్నాను. మనిషి పొట్టి, గొంతు గట్టి, మెడలో సన్నటి శిలువ గొలుసు. చేపల వ్యాపారులకూ రొయ్యల మేత కొట్లకూ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న ఆఫీసు ఆవిడది. నేను ఫరంపేట నుంచి వచ్చి చేరేనాటికే షుగరు ఆవిడ కళ్లను తినేస్తోంది. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా తెర మీద అలుక్కుపోయేవి. పోయిన చూపు ఇక రాదని కాకినాడ డాక్టరు చెప్పేసిన రోజు ఆవిడ ఆఫీసుకే వచ్చి కూర్చున్నారు. "కళ్లు పోతే పోనీయే. పని లేకుండా ఎలా బతకను?" అన్నారు. వెంటనే ముక్కు చీదుకుని, "రాసింది చదువు. ఇంగ్లీషు ముక్కలొద్దు. ఏం జరుగుద్దో కథలా చెప్పు, నే ఊఁ కొడతా," అన్నారు.

అప్పుడు మేం ఐసు ఫ్యాక్టరీకి ప్రోగ్రాం రాస్తున్నాం. పడవవాళ్లు ఫోనులో ఐసు అడుగుతారు. నిల్వ చూడాలి, వాళ్ల పేరున పక్కన పెట్టించాలి, బండి పంపాలి, కబురు చెప్పాలి. జావాస్క్రిప్టు అనే ప్రోగ్రాం భాషలో ఒక పని పురమాయిస్తే జవాబు వచ్చేదాకా అది ఊరికే ఆగదు, తర్వాతి వరుసకు వెళ్లిపోతుంది. అందుకని జవాబొచ్చాక చేయాల్సిన పనిని నేను మొదటి పని లోపలే రాసేదాన్ని, దాని లోపల మరొకటి, దాని లోపల ఇంకొకటి. అదే చదవడం మొదలుపెట్టాను. రెండు ఊఁలు పడ్డాయి. మూడోది పడలేదు.

"ఎక్కడున్నామే ఇప్పుడు? ఐసు లోపలా, బండి లోపలా?"

"బండి లోపలండి... కాదు కాదు, ఐసు లోపల."

"రాసినదానివి నీకే తెలీట్లేదు, నాకేం తెలుద్ది? ఒకటయ్యాక ఇంకోటి, పైనుంచి కిందకి చెప్పవే తల్లీ!"

శుభ్రంగా పనిచేస్తున్న కోడును మార్చమంటే ఒళ్లు మండదా? గొణుక్కుంటూనే ఎసింక్, అవెయిట్ అనే రెండు మాటలతో రాసే పద్ధతిలోకి మార్చాను. లోపల దూర్చినవన్నీ బయటికి లాగి, ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టి, వరుసగా కిందికి దించాను. జవాబు కోసం ఆగాల్సిన వరుసలో 'అవెయిట్' అన్న మాట చేర్చాను. ఎక్కడ తేడా కొట్టినా ఏం చేయాలో చివర ఒకేచోట రాశాను. మళ్లీ చదివితే వరుసకో ఊఁ పడింది. నాకూ హుషారొచ్చింది.

"బండి పంపమన్నాం. బండి బయల్దేరిందని కబురు పంపాం."

ఊఁ రాలేదు. "పంపమన్నావు. పంపామని జవాబొచ్చిందా?"

తెర వైపు చూశాను. ఆ వరుసలో అవెయిట్ లేదు. నా కంప్యూటర్లో జవాబులు చప్పున వచ్చేస్తుంటే ఆ లోపం నా కంట పడనేలేదు.

"దరియాలతిప్పలో పడవోళ్లు చేపలు దించుకుని ఐసు కోసం చూత్తా కూచుంటారే. లేని బండి ఒచ్చేత్తందని చెప్తావా?" అని కసురుకున్నారు. వెంటనే బల్ల మీద చరిచి పకపకా నవ్వారు. "ఒసేయ్, నేనే పట్టుకున్నానే! ఇంటే దొరికిపోయింది! ఇంకేం, చేత్తాను పని!" ఆ మొహం చూసి నాకు ఏడుపాగలేదు. "నువ్వెందుకే ఏడుత్తావు, తప్పు దిద్దు," అన్నారు.

తర్వాత చూపు పూర్తిగా పోయింది. అయినా రోజూ వచ్చేవారు, ఫ్యాన్ కింద కళ్లు మూసుకుని వినేవారు. నా కోడంతా ఆవిడ చెవికి అందేలా రాసిందే. ఇప్పుడు నా కోడు చూసినవాళ్లు చదవడం ఎంత తేలికో అంటారు. ఎవరికోసం అలా రాశానో చెప్పబోయి మళ్లీ తెర వైపు తిరిగిపోతాను.

ఆవిడ నిద్రలోనే పోయారు. అంతకు ముందురోజు రొయ్యల మేత కొట్టు ప్రోగ్రాం సగం చదివాను. "మిగతాది రేపు ఇందాం," అని లేచారు. ఆ సగం నేనొక్కదాన్నే కూర్చుని పూర్తిచేశాను. ఇప్పటిదాకా అందులో ఒక్క తప్పూ దొరకలేదు. ఆ మాట ఆవిడకు చెప్పుకోవాలని ఉంది.