ఇంటర్వెల్‌కు పోయింది

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. తిట్లు తీసేస్తానంది. కొన్ని ఉండనీ అన్నాను.

బిడ్డకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అవగానే ఆదిబట్లలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కొలువు దొరికింది. పొద్దున గేటు దగ్గర ఆఫీసు కారెక్కితే సాయంత్రం గేటు దగ్గరే దిగుతుంది. అక్కడ కుర్చీ, ఇంట్లో మంచం. ఇబ్రహీంపట్నంలో మేముండేది రెండో అంతస్తు. ఆ నాలుగు మెట్లెక్కేసరికి గోడ పట్టుకుని ఆయాసపడేది. దాని తండ్రి లారీ నడిపేవాడు. ఆయనా రాత్రీ పగలూ కూర్చునే బతికాడు, గుండె ఆగి స్టీరింగు మీదే వాలిపోయాడు. బిడ్డ ఆయాసం వినబడితే నాకు ఆయనే గుర్తొచ్చేవాడు. భయపడడం నాకు చేతకాదు, తిట్టేదాన్ని.

దవాఖానలో డాక్టరమ్మ కూడా ఒళ్లు కదిలించమంది. బస్టాండు వెనక ఆడవాళ్లకని ఒక జిమ్ము ఉంటే బిడ్డ అందులో చేరింది. కెటిల్‌బెల్ అని ఒక ఇనుప గుండు, పైన పిడి, చూడ్డానికి పెద్ద తాళంకప్పలా ఉంటుంది. రెండు చేతులా పట్టి కాళ్ల మధ్య నుంచి ఛాతీ దాకా ఊపాలి. కాసేపు ఊపాలి, కాసేపు ఆగాలి, మళ్లీ ఊపాలి. దాన్ని ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారని బిడ్డ చెప్పింది. నాకు గుర్తున్నది ఇంటర్వెల్ ఒక్కటే. నెల తిరిగేసరికి గోడ పట్టుకోవడం మానింది.

ఒక సాయంత్రం శేరిగూడ నుంచి మా మరిది వచ్చాడు.

"బిడ్డేది వదినె?"

"ఇంటర్వెల్‌కు పోయింది."

"సినిమాకా? ఎవనితోని?"

"సినిమా గాదు. రోజు పోతది."

"రోజు పోతదా?" చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

గుండు సంగతి చెప్పాను. ఊరుకుంటాడనుకుంటే ఇంకా మండిపడ్డాడు.

"గంతకన్న సినిమానే నయం గద. ఆడపిల్ల ఇనుప గుండు ఎత్తుడేంది? గర్భసంచి జారుతది. రేపు ఎవడు చేస్కుంటడు?"

అప్పుడే బిడ్డ చెమటతో గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నది. బూట్లు మంచం కిందికి తోసి లోపలికి పోయింది. మర్నాడు జిమ్ముకు పోలేదు. రెండు వారాలు పోలేదు. మళ్లీ మెట్ల మీద గోడ పట్టుకుంది.

ఆ గోడ మీద చెయ్యి చూశాక ఆగలేకపోయాను. ఆటో ఎక్కి మరిది ఇంటికి పోయాను. వాళ్ల అరుగు మీద నిలబడితే ఇంజినీరింగు కాలేజీ కనబడుతుంది.

"ఆ స్లాబుకు తట్టలు మోసిందెవరు?" అని అడిగాను.

"నువ్వే వదినె."

"అప్పుడు నాకెన్నో నెల?"

లోపలికి పోబోయాడు.

"ఏడో నెల. మేస్త్రితోని మాట్లాడి పనికి పెట్టింది నువ్వే. కంకర మోసినంక ఇంటికొచ్చి మీ అందరికి నీళ్లు మోసిన. అప్పుడు యాడ వోయింది నీ గర్భసంచి ఫికర్?"

"గది పని వదినె. గిది షోకు."

"అవ్. మీకోసం మోస్తె పని. దాని పానం కోసం అది మోస్తె షోకు."

ఇంకా చాలా అన్నాను. అవి రాయనని బిడ్డ కలం కింద పెట్టింది.

ఇంటికొచ్చి దాన్ని లేవమన్నాను.

"వద్దమ్మా. చిన్నాయిన గట్లంటె ఇజ్జత్ పోయినట్టున్నది."

"కిందికి దిగి మళ్లెక్కు. ఆయాసం రాకుంటె ఇంట్లనే ఉండు."

నన్ను కోపంగా చూసి మంచం కిందికి వంగి బూట్లు తీసింది. నమ్మకం లేక నేనూ వెంట పోయి జిమ్ము గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ నేర్పే మేడం ఈల వేస్తే ఊపింది, మళ్లీ వేస్తే ఆగింది. మూడోసారి ఆగినప్పుడు మోకాళ్లు పట్టుకుని వంగిపోయింది. నేను లోపలికి అడుగేశాను. తల ఎత్తకుండానే రావద్దని చెయ్యి ఊపింది. ఈల పడగానే ఆ చేత్తోనే పిడి పట్టుకుంది.